అక్కికి మూలలుండవు

అక్కి పాములా పాకుతుంది. దానికి తలా తోకా ఉంటాయి గానీ మూలలుండవు. ఈ సంగతి గద్వాలలో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. తెలిసి కూడా నేను చేసిన పని చెప్పుకోవాలని కూర్చున్నాను.

నా పేరు తిమ్మమ్మ. కుమ్మరి ఇంటి కోడలిని. సారె తిప్పే రోజులు పోయాయి. ఎండాకాలం కుండలు, దీపావళికి ప్రమిదలు అమ్ముకుని బతుకుతున్నాను. అయినా ఆదివారం, గురువారం పొద్దున్నే మా అరుగు మీద ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. నడుముకో వీపుకో ఒక పక్కన పొక్కులు లేచి, నిప్పులు పోసినట్టు మండుతూ బారుగా పాకితే అది అక్కి. జాజు అనే ఎర్రమట్టి మెత్తగా నూరి, వేపపుల్లకు దూది చుట్టి, ఆ పొక్కుల చుట్టూ ఎర్రగా కంచె గీసి, ఎదురుగా సింహం బొమ్మ రాస్తాను. సింహాన్ని దాటి అక్కి పోదని మా నమ్మకం. దవాఖాన వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం!

ఈ పని నాకు మా మామ పెంటయ్య నేర్పాడు. రాసినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవద్దన్నాడు. అక్కి కానిదాని మీద జాజు పెట్టొద్దన్నాడు. ఈ రెండో మాట మంచం పట్టాక కూడా నన్ను పిలిచి మరీ చెప్పాడు. నలభై ఏళ్లు రెండూ తప్పలేదు. తప్పడానికి ఒక్క పొద్దు చాలింది.

సీతారాములు నాకు తమ్ముడి లెక్క. కులం వేరైనా అతని పెళ్లికి ఐరేని కుండలు నెత్తిన పెట్టుకుని తెచ్చింది నేనే. ఆ రోజు నుంచి అక్కా అనే పిలుస్తాడు. మగ్గాల వీధిలో అతనంతటి పనిమంతుడు లేడు. మన గద్వాల చీరకు నూలు ఒళ్లు ఒకటి, పట్టు అంచు ఇంకొకటి. ఆ రెండూ కలిసేచోట ఎవరి చీరలోనైనా వేలికి కొద్దిగా తగులుతుంది. అతని చీరలో తగలదు. అలాంటి మనిషికి యాభై నాలుగో ఏట గుండెనొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. చేతి దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, మూసుకుపోయిన నరం తెరిచి, రెండు స్టెంట్లు వేశారట. అరగంటలో అయ్యే పని అతనికి నాలుగు గంటలకు పైగా పట్టిందట. అయితేనేం, బతికి బట్టకట్టి ఇంటికి వచ్చాడు.

వచ్చిన మూడు వారాలకు ఒక గురువారం పొద్దున భార్య నీలవేణితో మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, వీపు మండుతున్నది. రెండొద్దుల సంది అంగీ తగిల్తే ఓర్చుకోలేకున్న. జర చూడు" అన్నాడు.

"నాకు ఎర్రగనే కనిపిస్తున్నది వదినా. ఈ కండ్లల్ల పొరతోని ఇంకేం కనిపిస్తది? అక్కి అనుకుంటున్న" అంది నీలవేణి.

లోపలి గదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి బనీను పైకెత్తాను. కుడి రెక్క కింద, అరచేతికన్నా కొంచెం పెద్దగా, ఎర్రటి మచ్చ. ఒక్క పొక్కు లేదు. పాకలేదు. నాలుగు పక్కలా గీత గీసి కత్తిరించినట్టు తిన్నగా ఉంది. నాలుగు మూలలున్నాయి. నా నలభై ఏళ్లలో అలాంటిది చూడలేదు. ఇది అక్కి కాదు సీతారాములూ, దవాఖానకు పో అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడే బయట స్కూటీ ఆగింది. అతని కూతురు నవనీత వచ్చింది. ఫార్మసీ చదివి, బస్టాండ్ దగ్గర మందుల షాపులో పనిచేస్తుంది. పెరిగిన ఆడపిల్లకు వీపు చూపించడానికి సిగ్గుపడి తండ్రి ఆమెకు ఆ మచ్చ చూపలేదట. గడప బయటే నిలబడి గట్టిగా అంది.

"నాయినా, నీకు ఎన్నిసార్లు చెప్పాలె? చర్మం డాక్టర్ దగ్గరికి పోదాం అంటే మట్టి పూయించుకుంటానికి వస్తవా? ఎర్రమట్టితోని రోగాలు పోతే ఇగ మా షాపులెందుకు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది అందరికీ తెలుసు. నా గడపలో నిలబడి, నా మామ ఇచ్చిన విద్యను మట్టి అంటుందా ఈ పిల్ల! దాని పురిట్లో నీళ్లు కాచిన కుండ కూడా మా ఇంటిదే. ఒళ్లు మండిపోయింది. నాలుక చివర ఉన్న మాట అక్కడే మింగేశాను.

"ఇది అక్కే. పది తీర్ల అక్కి చూసిన నేను. నువ్వు గోలీలు అమ్ముకో పో" అన్నాను.

జాజు నూరాను. మచ్చ చుట్టూ కంచె గీశాను. అప్పుడు కూడా నా చేయి నాకు చెప్పింది. అక్కి చుట్టూ గీత గీస్తే చేయి వంకరలు తిరుగుతుంది. ఆ రోజు నా పుల్ల నాలుగు చోట్ల మలుపు తిరిగింది. అయినా ఆగలేదు. పక్కన సింహం కూడా రాశాను, ఎప్పటికంటే పెద్దగా. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"తొమ్మిదొద్దులు సబ్బు పెట్టొద్దు, వేరే మందు ముట్టొద్దు, పరాయి కండ్లకు చూపియ్యొద్దు" అని ఎప్పుడూ చెప్పే మాట చెప్పాను.

సీతారాములు బనీను దించుకుంటూ అడిగాడు. "సోమారం హైదరాబాద్ పోవాలె అక్కా. నెల అయినంక చూపించుకోమన్నరు. డాక్టర్ అంగీ ఇప్పమంటే ఎట్ల?"

"గుండె ముందల ఉంటది గదా. వీపుతోని ఆయనకేం పని?" అన్నాను. నీలవేణి నవ్వింది. నేను కూడా నవ్వాను.

నేను చేసిన తప్పులన్నింటిలో ఆ మాట ముందు నిలబడుతుంది. కోపంలో అన్నది కాదు అది. తమాషాకు అన్నాను. అతను నా మాట తుచ తప్పకుండా పాటించాడు. హైదరాబాద్‌లో డాక్టర్ అంగీ గుండీలు విప్పమంటే రెండు విప్పాడట. ఛాతీ మీద గొట్టం పెట్టి విని, ఇంకేమన్నా ఇబ్బంది ఉందా అని అడిగితే ఏం లేదు సారూ అన్నాడట. వీపున సింహం ఉండగా.

మంట తగ్గింది. నెల తిరిగేసరికి ఎరుపు పోయి కాస్త గోధుమరంగు మాత్రం మిగిలింది. నిజం చెప్పాలంటే నాకే ఆశ్చర్యం వేసింది. మూలలున్న అక్కి కూడా ఉంటుందేమో, మామకు తెలియలేదేమో అనుకున్నాను. ఊళ్లో నా పేరు మోగిపోయింది. గుండె ఆపరేషన్ అయినవాడి అక్కి తిమ్మమ్మ రాస్తే పోయిందట అని అయిజ నుంచి, వనపర్తి నుంచి కూడా మనుషులు వచ్చారు.

ఉగాదికి సీతారాములు చీర తెచ్చాడు. మగ్గంలో కూర్చోవచ్చని డాక్టర్ చెప్పాక పూటకు కొంచెం చొప్పున నేశాడట. పక్కన కూర్చుని అంచు దారమున్న నాడె అందించింది నవనీతేనట. ఉల్లిపొర రంగు ఒళ్లు, మిరపపండు రంగు అంచు. నా జన్మలో అలాంటిది కట్టలేదు. తీసుకోవద్దన్న మామ మాట గుర్తుకు వచ్చింది. రాక కాదు. చీర చేతిలో పడ్డాక ఆ మాట చిన్నదైపోయింది. తీసుకున్నాను.

అంతటితో ఊరుకున్నానా? ఆ చీర కట్టుకుని పని లేకున్నా మందుల షాపు ముందు నుంచి పోయాను.

"ఏం పిల్లా, మట్టితోని పోయిందా లేదా?" అన్నాను.

నవనీత చేతులు జోడించి నవ్వింది. "నువ్వే గెల్చినవ్ అత్తా. మా నాయిన మంచిగుండు. నాకదే చాలు" అంది.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. దసరా దాటాక ఆ మచ్చ మళ్లీ లేచిందని విన్నాను. ఈసారి ఎరుపు కాదు. తోలు గట్టిపడి, పగిలి, మధ్యలో చిన్న పుండు పడిందట. మగ్గం పని, ఒరుసుకుపోయిందని ఒకరన్నారు. తామర అని ఒకరు మలాం ఇచ్చారు. షుగర్ ఉందేమో చూడమని ఇంకొకరు. షుగర్ లేదు. అతన్ని కర్నూల్‌లో చర్మం డాక్టర్‌కు చూపించారు. ఆయన అన్నీ అడిగి, మొదలు ఎట్లా లేచిందో కనుక్కుని రమ్మన్నాడట. నవనీత నా దగ్గరికి వచ్చింది. అరుగు మీద ప్రమిదలు ఆరబెట్టుకుంటున్నాను.

"అత్తా, అప్పుడు నిమ్మళంగ చూసింది నువ్వొక్కదానివే. అమ్మకు కండ్లు కనవడవు. నాయిన తన వీపు తను చూసుకోలేడు. జాజు పెట్టకముందు అది ఎట్లుండె? పొక్కులుండెనా? బారుగుండెనా, గుండ్రంగుండెనా?" అని అడిగింది. రాసుకోవడానికి ఫోన్ చేతిలో పట్టుకుంది.

ఆ పిల్ల కళ్లలో ఎగతాళి లేదు. నన్ను పెద్దదానిగా ఎంచి అడిగింది. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. మూలలుండె అని. కానీ ఆ ముక్క చెప్తే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. మరి తెలిసి ఎందుకు రాశావు అంటుంది. అయిజ దాకా మోగిన పేరు ఏమవుతుంది? కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు. నా కుండ నేనే కాపాడుకోవాలనుకున్నాను.

"ఎట్లుంటది? అక్కి లెక్కనే ఉండె. బారుగ, పొక్కులు పొక్కులుగ" అన్నాను.

నవనీత రాసుకుంది. డాక్టర్‌కు అదే చెప్పింది. ఆయనకు అనుమానం తీరక, పుండు అంచు నుంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు. పరీక్షలో ఏమీ తేలలేదు. కోసినచోటు మాత్రం మూయలేదు. వారం, రెండు వారాలు, నెల. శనగగింజంత ఉన్నది రూపాయి బిళ్లంత అయింది. నాడె తాడు లాగిన ప్రతిసారీ కుడి రెక్క కదులుతుంది కదా, కట్టు తడిసిపోయేది. సీతారాములు మగ్గం దిగాడు. నేను వినీ విననట్టు ఉన్నాను. రోజూ ఆ వీధి ముందు నుంచి పోయేదాన్ని, చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాను.

చలికాలం నడిమధ్యన ఒక ఆదివారం నీలవేణి కబురు పంపింది. అక్కి తిరగబెట్టింది, వదినను వచ్చి మళ్లీ రాయమనండి అని. జాజు గిన్నె పట్టుకుని పోయాను. పోకుండా ఉంటే బాగుండేదని అప్పుడు అనుకున్నాను. ముందే పోయి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

సీతారాములు మగ్గం గుంట అంచున కూర్చుని ఉన్నాడు. సగం నేసిన చీర మగ్గం మీదే దుమ్ము పట్టి ఉంది. మనిషి సగమయ్యాడు. నవనీత తండ్రి వీపు మీది కట్టు విప్పింది. ఇప్పుడిక సిగ్గు లేదు, రోజూ కట్టు కట్టేది ఆ పిల్లే.

"రాయి అక్కా. నువ్వు రాస్తనే నాకు సల్లగైంది అప్పుడు. ఈ డాక్టర్లతోని ఏం కాలే" అన్నాడు.

చూశాను. మధ్యలో లోతుగా పుండు. చుట్టూ తోలు పలచబడి, తెలుపూ గోధుమా కలిసి, సన్నని ఎర్ర నరాలు తేలి ఉంది. ఆ తోలుకు నాలుగు పక్కలా తిన్నని అంచు. పది నెలల కింద నా పుల్ల మలుపు తిరిగిన నాలుగు మూలలూ అక్కడే ఉన్నాయి, అప్పటికంటే స్పష్టంగా. పచ్చి పుండు మీద జాజు పెట్టాలి, లేదా నోరు తెరవాలి. గిన్నె కింద పెట్టాను.

"ఇది అక్కి కాదు" అన్నాను.

"మరి?"

"నాకు తెల్వదు. కానీ అక్కి కాదు. మొదటి దినం గూడ కాదు. అప్పుడే నాలుగు మూలలుండె. నేను చూసిన."

సీతారాములు మెల్లగా నా వైపు తిరిగాడు.

"మరెందుకు రాసినవ్ అక్కా?"

దానికి ఏ జవాబు చెప్పినా తేలికే. తెలియక రాశాననవచ్చు. నీ మంట చూడలేక రాశాననవచ్చు. ఇక అబద్ధం ఆడే ఓపిక నాకు లేకపోయింది.

"నీ బిడ్డ మీది కోపంతోని రాసిన. మొన్న అది అడిగినప్పుడు గూడ అబద్దం చెప్పిన" అన్నాను.

నీలవేణి లేచి జాజు గిన్నె తీసుకుంది. నా మీద పోస్తుందేమో అనుకున్నాను. పోసినా బాగుండేది. వీధిలోకి పోయి మోరీలో ఒంపి, గిన్నె కడిగి, తెచ్చి నా ముందు పెట్టింది. నవనీత తండ్రికి కట్టు కట్టింది. చేతులు కడుక్కుంది.

"రేపు మాతోని కర్నూల్ రా అత్తా. ఆ మాట డాక్టర్‌కు నువ్వే చెప్పాలె" అంది.

పోయాను. డాక్టర్‌ను కాగితం, పెన్ను ఇమ్మని అడిగి, మచ్చ ఎట్లా ఉండిందో బొమ్మ గీశాను. నాలుగు గీతలు, నాలుగు మూలలు. పొక్కులు లేవని చెప్పాను. ఆయన ఆ కాగితం చూసి, సీతారాములు వీపు చూసి, మళ్లీ కాగితం చూశాడు.

"గుండెకు స్టెంట్ వేసింది ఈ మచ్చ రాకముందా? ఎంతసేపు పట్టింది?" అని అడిగాడు.

నవనీత ప్లాస్టిక్ సంచిలో నుంచి హైదరాబాద్ ఫైలు తీసింది. ఆ ఫైలు ఇంట్లో దేవుడి అరలో పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టారు. ప్రాణం నిలబెట్టిన కాగితాలని. గోలీల పేర్లున్న పేజీ తప్ప ఏదీ విప్పలేదు. డాక్టర్ వెనక పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. నవనీత ఆ ఇంగ్లీషు చదివి, నాకోసం తెలుగులో చెప్పింది. ఎక్స్‌రే ఎక్కువసేపు వాడవలసి వచ్చింది, కొన్ని వారాలకు వీపు మీద ఎరుపు గాని మంట గాని వస్తే వెంటనే మాకు చూపించండి అని రాసి ఉందట. చెప్పి, కుర్చీలో కూర్చుండిపోయింది.

"రోజుకు వందమంది చీటీలు చదువుత నేను. మా నాయినది చదవలే" అంది.

డాక్టర్ విడమరిచి చెప్పాడు. గొట్టం గుండెలోకి పోయే దారి చూడటానికి బల్ల కింద నుంచి ఎక్స్‌రే వేస్తారట. అందరికీ ఏమీ కాదట. పని చాలాసేపు సాగి, చదరంగా వచ్చే కిరణం ఒక్కచోటే పడితే, వేలల్లో ఏ ఒక్కరికో ఆ చదరం మేర తోలు లోపల కాలుతుందట. అది ఆ రోజు తెలియదు. వారాలకు ఎర్రబడుతుంది, తగ్గినట్టే తగ్గుతుంది, నెలలు పోయాక పుండవుతుంది. మొదటిసారి దానంతట అదే తగ్గింది. నా సింహం చేసిందేమీ లేదు.

"మూలల సంగతి అప్పుడే తెలిస్తే నేను ముక్క కోసేవాణ్ని కాదమ్మా. కాలిన తోలు కోస్తే మానదు" అన్నాడు. ఆయన గొంతులో కూడా బాధ వినిపించింది.

"మొదలే చూపిస్తే పుండు కాకపోవునా సారూ?" అని అడిగాను.

"కాకపోవచ్చు, కావచ్చు. చెప్పలేం. ఇంత పెద్దది మాత్రం అయ్యేది కాదు" అన్నాడు.

ఆ చెప్పలేం అన్న మాటే నాకు మిగిలింది. నీదే తప్పు అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి కాలిన చదరమంతా తీసేశారు. పక్కనున్న కండ తిప్పి అక్కడ అతికారు. మానింది. అన్నం తింటాడు, నడుస్తాడు, నవ్వుతాడు. కుడి చేయి భుజం దాటి లేవదు. నాడె తాడు లాగలేడు. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి బియ్యం బస్తాలు పెట్టారు. సగం చీర కోసి తీసేశారు. అంటే అతను పూర్తిగా నేసిన ఆఖరి చీర ఉగాదికి నాకిచ్చిందే.

ఈ ఉగాదికి ఆ చీర మడతపెట్టి తీసుకుపోయి అతని ముందు పెట్టాను.

"ఇది నాది కాదు సీతారాములూ. తీస్కో. తిట్టు. నాలుగు మాటలు తిడితే నా మనసు జర తేలికైతది" అన్నాను.

ఎడమ చేత్తో చీర విప్పాడు. ఒళ్లూ అంచూ కలిసేచోట వేలు పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమాడు. ఎక్కడా వేలు ఆగలేదు.

"మంచిగనే కుదిరింది" అన్నాడు. చీర నా వైపు జరిపాడు. "తిట్టి ఏం చేస్త అక్కా? నువ్వు రాసినంక ఆ తొమ్మిదొద్దులు నిమ్మళంగ నిద్రవట్టింది. అది గూడ అబద్దమైతే కాదు గదా. తీస్కపో. పెట్టెల పెట్టకు, మడతల కాడ పట్టు చిట్లుతది. కట్టుకుంట ఉండు."

నీలవేణి లోపలి నుంచి చాయ్ తెచ్చి పెట్టింది. నాతో మాట్లాడలేదు. నవనీత మాత్రం మా ఇంటి దాకా స్కూటీ మీద దింపింది.

ఇప్పుడు నేను అక్కి రాయడం మానేశాను. ఎవరైనా వస్తే వీపు చూస్తాను, గుండెకు గొట్టం వేశారా అని అడుగుతాను, డాక్టర్‌కు చూపమని పంపిస్తాను. నీకేమైంది తిమ్మమ్మా అని నవ్వుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంది నా పని. నాకూ తెలుసు.

చీర మాత్రం కడుతున్నాను. కట్టమన్నాడు కాబట్టి కడుతున్నాను. కట్టుకుని బస్సు ఎక్కితే పక్కన కూర్చున్న ఆడవాళ్లు ఊరుకోరు. అంచు పట్టుకుని చూస్తారు, అతుకు ఎక్కడుందో వెతుకుతారు, దొరకదు. ఎవరు నేశారు, మాకూ ఒకటి నేసిస్తాడా అని అడుగుతారు. ఆయన ఇప్పుడు నేయడం లేదంటాను. ఎందుకని అడుగుతారు. అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్తున్నాను, మూలల సంగతి కూడా దాచకుండా.